మూడుసార్లు కడిగిన సీసా

మోకాలి నొప్పికి బాబాయి రెండు రోజులు సెలవు పెట్టడమే వింత, జ్వరంలో కూడా తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చి శాంపిల్ సీసాలు నింపుకుపోయే మనిషి, రేపైనా వస్తాడో రాడో, వచ్చినా మోకాలికి ఆ నూనె పట్టించుకొచ్చి గదంతా ఘాటెత్తిస్తాడు, అనుకుంటూ ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని, తెరమీది గీత పక్కన ఇవాళ్టి చుక్క పెట్టడానికి చెయ్యి మౌస్ మీదే ఉంచుకుంది, తొమ్మిదిన్నర దాటింది, నిన్న పట్టిన నీళ్లలో ఎన్ని క్రిములు మిగిలాయో ల్యాబ్ వాళ్లు ఫోన్ చేసి చెప్పే వేళ, ఒకటి అంటారు, లేకపోతే రెండు, మరీ ఎక్కువైతే మూడు, చుక్క వెళ్లి గీత మీదే కూర్చుంటుంది, గూటికొచ్చిన పిట్టలాగా, ఏడాదిగా ఒక్క చుక్క కూడా గీత విడిచి దూరంగా పోలేదు, ఆ గీత తనది, ఊరి మురుగంతా ఈ ప్లాంటుకి చేరి, మడ్డి తేరి, గాలి బుడగల్లో పొర్లి, ఆఖరికి తేటపడ్డాక, ఆ నీళ్లలో క్లోరిన్ కలిపి, మడతలు మడతలుగా గోడలు కట్టిన పొడుగాటి తొట్టిలో అరగంట తిప్పి కాలవలోకి వదులుతారు, ఆ అరగంటలో ఎంత మందుకి ఎన్ని క్రిములు చస్తాయో ముందే లెక్క కట్టి చెప్పడం తన ఉద్యోగం, అందుకే ఇక్కడ అందరూ లెక్కలమ్మాయి అంటారు, ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే తనే తిరిగి చూడదేమో, ఇదిగో ఫోన్.

ల్యాబ్ మేడమ్ ఎప్పుడూ హలో అనకుండానే అంకె చెప్పేసి పెట్టేస్తుంది, ఇవాళ హలో అంది, అని ఆగింది, ఏమ్మా, మీరు పంపింది మందు కలిపాక పట్టిన నీళ్లేనా, చీటీలు గానీ మార్చి అతికించారా, అంది, లేదు మేడమ్, చీటీలు నేనే రాశాను, అంది తను, అయితే లెక్కపెట్టలేకపోయాం తల్లీ, పళ్లెం నిండా క్రిముల చుక్కలే, చుక్కకీ చుక్కకీ మధ్య సూది మొన పట్టదు, నాలుగు సీసాలకి నాలుగూ అంతే, లెక్కపెట్టలేనన్ని అని రాసేస్తున్నాను, మీ సారుతో చెప్పు, అని పెట్టేసింది, ఫోన్ చెవి దగ్గరే ఉండిపోయింది, తెరమీద గీత అలాగే నున్నగా ఉంది, లెక్కపెట్టలేనన్ని అనే చుక్కని ఎక్కడ పెట్టాలి, తెర పైకి, గోడ మీదకి, కప్పు మీద ఆ బల్లి పక్కన పెట్టాలా, మందు కలపకముందు సీసా ఎంతుందో అడగనేలేదు, మళ్లీ ఫోన్ చేసి అడిగితే అది మామూలే, ఎప్పుడూ ఉండే అంకే, అంది మేడమ్, ఈలోగా పెద్దసారు గది గుమ్మంలో నిలబడి విని, ఓస్ ఇంతేనా, నిన్న మీ బాబాయి లేక డ్రైవరు పట్టాడు కదా, వాడి చేతులెప్పుడైనా చూశావా, ఆ గోళ్లలో మట్టితో మొక్కలు పెంచొచ్చు, పారెయ్ ఆ ఫలితం, రేపు మళ్లీ పట్టించు, అని టీ గ్లాసు పట్టుకుని వెళ్లిపోయాడు, అంతే కదా, చేతి మురికే, నిజమే, కానీ ఒకే చెయ్యి ఐదు సీసాలు నింపితే మురికి నాలుగింటికే ఎందుకు అంటుతుంది, మందు కలపకముందు సీసా మామూలుగానే ఎందుకుంటుంది, ఆ నాలుగింటికీ సమానంగా ఎలా పంచుతుంది, మురికికి అంత న్యాయబుద్ధి ఉంటుందా, ఆమె లేచింది, ఎవర్నీ ఏమీ అనకుండా, ఊరికే అడిగొద్దామని, ఏదైనా తేడా కనిపిస్తే దాని చుట్టూ రెండుసార్లు తిరిగితే గానీ తనకి నిద్రపట్టదు, చిన్నప్పటినుంచీ అంతే.

షెడ్డులో వ్యాన్ కింద రెండు కాళ్లు బయటికి పెట్టి పడుకున్నాడు డ్రైవరన్న, అన్నా ఒక్క మాట, అంటే కాళ్లే జవాబు చెప్పాయి, వినిపించింది తల్లీ, నా చేతుల మహిమ అప్పుడే ప్లాంటంతా తెలిసిపోయింది, సారు వెళ్తూ వెళ్తూ చెప్పే వెళ్లాడు, ఇక వ్యాన్ కింద కాక నేనెక్కడ దాక్కోను, కాదన్నా, నువ్వు సీసా ఎలా నింపావో ఒక్కసారి చెప్పు, అంది తను, ఎలా నింపుతారు, మూత తీశాను, నింపాను, మూత పెట్టాను, అంటూ పాకుతూ బయటికొచ్చి కూర్చున్నాడు, బాబాయిలాగా సీసాకి స్నానం చేయించలేదు, అదొక్కటే తేడా, ఆయన మూడుసార్లు నీళ్లు పోసి, కుదిపి, పారబోసి అప్పుడు గానీ నింపడుగా, పసిపిల్లకి పోసినట్టు పోస్తాడు, నాకంత ఓపిక లేదు, అయినా అడుగున ఆ తెల్లపొడి ఉందిగా, అదెందుకు పారబొయ్యాలి, పొడా, అంది తను, ఆ, సీసా అడుగున చిటికెడు ఉంటుంది, మా పాపకి డాక్టరిచ్చే మందు సీసాలో కూడా అలాగే పొడి ఉంటుంది, నీళ్లు పోసి కలుపుతాం గానీ కడిగేస్తామా, ల్యాబ్ వాళ్లు ఏదో అవసరమైతేనే వేసుంటారు కదమ్మా, కడుక్కోవడానికి వేస్తారా ఎవరైనా, అని నవ్వుతూ ఆమె ముఖం చూసి, నవ్వు సగంలో ఆపేశాడు, ఏమైంది తల్లీ, కళ్లు తిరుగుతున్నాయా, ఇదిగో ఈ టైరు మీద కూర్చో.

తెల్లపొడి, టైరు మీద కూర్చుంది, రబ్బరు వేడిగా ఉంది, తెల్లపొడి అంటే తనకి తెలుసు, పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం, ఎప్పుడో పరీక్షకి చదివింది, పేజీలో ఎడమవైపు, కింద నుంచి మూడో వరస, వరసైతే గుర్తుంది, వాక్యమే ఎక్కడికి పోయింది ఇన్నాళ్లూ, క్లోరిన్ కలిపిన నీళ్లని పట్టే సీసాలో క్లోరిన్‌ని విరిచేసే పొడి వేసి ఉంచాలి, లేకపోతే దారంతా మందు సీసాలో కూడా పనిచేస్తూనే ఉంటుంది, తొట్టిలో చావకుండా తప్పించుకున్న క్రిములు సీసాలో చస్తాయి, ల్యాబ్‌కి శవాలు చేరతాయి, అందుకని వేసే పొడి అది, చిటికెడు, ఆ చిటికెడుని ఎవరు కడిగించారు, బాబాయి కాదు, బాబాయికి ఏం తెలుసు, అంతకుముందు ఆయన కూడా డ్రైవరన్నలాగే మూత తీసి నింపి మూత పెట్టేవాడు, తను చేరిన మొదటి వారంలో పక్కన నిలబడి చూసి, అయ్యో బాబాయ్ అలా కాదు, సీసా అడుగున ఏదో మురికి ఉంది చూడు, ఏ నీళ్లు పడతామో ఆ నీళ్లతోనే మూడుసార్లు కడగాలి, మా సైన్సు మాస్టారు అలాగే నేర్పించాడు, అని ఆయన చేతిలోంచి సీసా తీసుకుని తనే కడిగి చూపించింది, ఆ బడిలో నాలుగు పరీక్షనాళికలు ఉంటే నలభై మంది పిల్లలు, మాస్టారు ప్రతివాడి చేతా మూడుసార్లు కడిగించేవాడు, ఒరే కడగని గాజు అబద్ధం చెబుతుందిరా అనేవాడు, తను ఎప్పుడూ ముందు వరసలో, ఎప్పుడూ మూడుసార్లు, ఎప్పుడూ తన నాళికే మెరిసేది, బాబాయి ఎంత ముచ్చటపడ్డాడు ఆ రోజు, చదువుకున్న పిల్ల పద్ధతే వేరు అని షెడ్డంతా చెప్పుకున్నాడు, మర్నాటినుంచి అంకెలు పడిపోయాయి, వందలుండేవి ఒకట్లకీ రెండ్లకీ వచ్చేశాయి, పెద్దసారు గది బయటికొచ్చి మరీ, నువ్వు అడుగుపెట్టిన వేళావిశేషం అమ్మా అన్నాడు, వేళావిశేషం, తను తలొంచుకుని నవ్వింది కూడా, ఆ నవ్వు ఇప్పుడు తన ముఖం మీదకి ఎక్కడినుంచో తిరిగొచ్చినట్టయి, చెంపలు రుద్దుకుంది, డ్రైవరన్న నీళ్ల బాటిల్ తెచ్చి ఇచ్చాడు, మూత తీసి, అడుగున ఏమైనా ఉందా అని చూసుకుని, అప్పుడు తాగింది.

కాదేమో, ముందు చూడాలి, చూడకుండా అనుకోకూడదు, కొత్త పెట్టెలోంచి రెండు సీసాలు తీసుకుని తొట్టి చివరికి నడిచింది, కాలవలోకి దూకే ముందు నీళ్లు అక్కడ తేటగా, ఏ పాపం ఎరగనట్టు మెరుస్తుంటాయి, ఒక సీసా డ్రైవరన్న నింపినట్టు నింపింది, రెండోది తను నేర్పినట్టు, మూడుసార్లు, మూడోసారి పారబోస్తుంటే తెల్లటి పలుకులు రెండు గోడ అంచున పడి, ఎండలో ఒక్క క్షణం మెరిసి కరిగిపోయాయి, ఎన్నిసార్లు పడి ఉంటాయి అలా, రోజుకి నాలుగు సీసాలు, ఏడాది, రెండింటిలోనూ క్లోరిన్ ఉంటే గులాబీ రంగు తేల్చే బిళ్ల వేసి మూత పెట్టి ఊపింది, పొడి ఉన్న సీసాలో నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి, కడిగిన సీసా గులాబీ ఎక్కింది, లేతగా, తర్వాత ఇంకొంచెం, చిన్నపిల్ల గౌను రంగు, దాన్ని చూస్తూ నిలబడింది, అంటే బాబాయి సీసాలు పెట్టెలో పెట్టి, వ్యాన్ మిగతా చోట్లన్నీ తిరిగి ల్యాబ్ చేరేసరికి గంటన్నర, ఆ గంటన్నరా ఈ గులాబీ సీసాలో కూర్చుని పని చేస్తూనే ఉంది, తన లెక్క ఎంత చిన్నది, మందు ఎంత గాఢంగా ఉంది, ఎంతసేపు తాకింది, రెండూ గుణిస్తే ఎన్ని చచ్చాయో చెబుతుంది, చావు వేగం ఎంతో మన నీళ్లలోంచి మనమే తేల్చుకోవాలి, అలా తేల్చుకుంటే పుస్తకాల్లో రాసిన దానికి మూడింతలు వచ్చింది, సార్ మూడింతలొస్తోంది, ఎందుకంటారు, అని వెళ్లి అడిగింది, అడిగింది నిజంగానే, ఆయన నవ్వి, మన క్రిములు మెతకవమ్మా, నీలాగే, గట్టిగా తుమ్మితే చస్తాయి అన్నాడు, తను కూడా నవ్వేసి, నీళ్లు వెచ్చన కాబోలు అని రాసుకుని ముందుకెళ్లిపోయింది, తొట్టిలో అరగంట, సీసాలో గంటన్నర, మొత్తం రెండు గంటలు, అరగంటకి రెండు గంటలు నాలుగింతలు, దారిలో మందు కొద్దికొద్దిగా విరుగుతుంది కాబట్టి నాలుగు కాస్తా మూడు, మూడింతలు, అయ్యో, మూడే, అంకె మొదటిరోజు నుంచీ నోరు తెరుచుకుని చెబుతూనే ఉంది, తను వినలేదు, గీత తప్పు కాదు, గీత నిజమే, కాకపోతే అది ఈ తొట్టి గీత కాదు, సీసా గీత, ఏడాదిపాటు కూర్చుని, ఎవరూ తాగని ఎవరూ దిగని నాలుగు సీసాల నీళ్లు ఎంత శుభ్రంగా ఉన్నాయో లెక్క కట్టింది, ఆ లెక్క చూసే కదా, ఎక్కువ మందు కాలవలో చేపలకి చేటు, లీటరుకి ఎనిమిది మిల్లీగ్రాములు అక్కర్లేదు మూడు చాలు అని రాసిచ్చింది, ఏడు వారాల కింద.

ఏడు వారాలు, మెట్లెక్కి పెద్దసారు బల్ల మీద రెండు సీసాలూ పెట్టింది, గులాబీదీ మామూలుదీ, చెప్పడం మొదలుపెట్టింది, తన గొంతు తనకే వినిపించడంలేదు, కొంచెం గట్టిగా చెప్పమ్మా, ఫ్యాను మోత అన్నాడాయన, మళ్లీ మొదటినుంచి చెప్పింది, ఆయన మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు, దానికే భయమేసింది, ఎప్పుడూ సగం మాటకే జోకు వేసే మనిషి, సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు, నేను సంతకం పెట్టాను కదా దాని మీద, అన్నాడు నెమ్మదిగా, ఎవరినో అడుగుతున్నట్టు, పెట్టారు సార్, పొడి సంగతి నాకు కూడా తెలిసి ఉండాలి, ఇరవై ఏళ్లు ల్యాబుల్లో తిరిగినవాణ్ని, అంకె బాగుంటే ఎవడు అడుగుతాడమ్మా, అని లేచి పంపు గదికి ఫోన్ కొట్టాడు, మోతాదు ఎనిమిదికి పెంచెయ్, ఇప్పుడే, చీటీ తర్వాత పంపిస్తా, అవతల పంపు ఆయన ఏమన్నాడో గానీ, ఒరే నాయనా చెప్పింది చెయ్యరా, నీ రూలు రేపు చదివి వినిపిద్దువు గానీ, అని పెట్టేశాడు, గడియారం పది నలభై, అయిపోయింది, ఇక అయిపోయింది కదా, అరగంటలో తొట్టి సర్దుకుంటుంది, ఇక ఈ సంగతి మన నలుగురి మధ్యే ఉండనీ, కారణం ఏదో సాంకేతికం అని రాద్దాం, ఊరికే జనాన్ని బెదరగొట్టడం దేనికి, అసలే కాలవ, ఎంత నీళ్లు, కలిసిపోతుంది, అన్నాడు, తను తలూపింది, ఎప్పుడూ ఊపినట్టే ఊపింది, గుమ్మం దాటాక ఆ ఊపిన తల బరువెక్కింది, అయిపోవడం ఏమిటి, తొట్టి వరకూ అయిపోయింది, కాలవ, కాలవలో నీళ్లు మనిషి నిదానంగా నడిచినంత వేగంతో పోతాయి, దిగువన ఆకుకూరలమ్ముకునే తన అక్క వాళ్ల రేవుకి ఐదు గంటలు, ఐదు గంటల పొడుగున నీళ్లు ఇక్కడినుంచి అక్కడిదాకా పరుచుకుని ఉన్నాయి, పెంచిన మందు వాటిని తరిమి పట్టుకోలేదు, పదకొండూ పదికి ఈ గట్టు దిగే చివరి బొట్టు సాయంత్రం నాలుగూ పదికి గానీ రేవు దాటదు, రెండింటికి అక్క ఆకుకూర కట్టలు కడుగుతుంది, నాలుగింటికి బడి విడిచిన పిల్లలు సంచులు గట్టున పారేసి దూకుతారు.

అక్క, నాలుగో మోతకి ఎత్తింది, ఏమే, ఈ వేళప్పుడు ఫోన్, డ్యూటీలో లేవా, ఉద్యోగం ఊడిందా, అంది నవ్వుతూ, వెనకాల చిన్నది ఏదో అంటోంది, అది బడికి పోలేదా అక్కా, పోలేదే, మళ్లీ కడుపులో నొప్పి, రాత్రి రెండుసార్లు లేచింది, ఈ నెలలో ఇది మూడోసారి, డాక్టరు బయట తిండి తిని ఉంటుందంటాడు, బయట తిండి పెట్టే అమ్మనా నేను, నువ్వు చెప్పినట్టే ఉప్పూ చక్కెరా కలిపి నీళ్లు పడుతున్నాలే, అంది, మూడోసారి, పోయినసారి ఫోన్‌లో చెప్పినప్పుడు తను ఈ కంప్యూటర్ ముందే కూర్చుని చుక్క పెడుతూ, కాచి చల్లార్చి పట్టు అక్కా అని ఒక చెవితో విని ఒక చేత్తో పెట్టేసింది, ఈ నీళ్ల వల్లేనో కాదో ఎవరు చెప్పగలరు, చెప్పలేరు, అక్కా ఇవాళ కాలవలో ఏదీ కడగొద్దు, చిన్నదాన్ని దిగనివ్వొద్దు, ఎవర్నీ దిగనివ్వొద్దు, నీళ్లు బాగోలేవు, అంది, ఎవరన్నారు, మొన్నటిదాకా ముక్కులు మూసుకుని కడిగేవాళ్లం, ఇప్పుడా మందు కంపే లేదు, హాయిగా ఉంది, నువ్వే కదే బాగుచేశావు, అవును, ఏడు వారాల కింద అక్క ఇదే మాట అంటే తను ఎంత పొంగిపోయింది, అది నా లెక్కే అక్కా, నేనే తగ్గించమన్నాను అని చెప్పుకుంది, జీవితంలో మొదటిసారి ఒక గొప్ప చెప్పుకుంది, అక్కా నా లెక్క తప్పు, కంపు ఉన్నప్పుడే బాగున్నాయి, అంది, అవతల చిన్నది అమ్మా అని పిలవడం, అక్క ఉండవే అనడం, సరే నేను కడగను, మరి మిగతావాళ్లకి ఎవరు చెప్తారు, నువ్వు చెప్పక్కా, నేనా, నేను చెబితే వింటారా, మా చెల్లి పెద్ద ఉద్యోగం చేస్తోంది, మందు తగ్గించి నీళ్లు తేట చేసింది, భయం లేదు దిగండి అని రేవంతా టముకు వేసింది నేనే, అవతలి వీధివాళ్లు బోరు దగ్గరికి పోవడం మానేసి కాలవకొస్తున్నారు నా మాట మీద, ఇవాళ అదే నోటితో వద్దంటే నా మీద నీళ్లు చల్లి నవ్వుతారు, నువ్వొచ్చి చెప్పు, అని పెట్టేసింది, కోపమా, భయమా, పెట్టేసిన ఫోన్‌లోంచి ఏమీ తెలీదు.

వ్యాన్ తాళం డ్రైవరన్న చేతిలోనే ఉంది, ఎక్కడికి తల్లీ అన్నాడు, కాలవ రేవుకి అన్నా, సారు చీటీ ఇచ్చారా, లేదన్నా, ఆయన ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, చీటీ లేకుండా పోతే సారు నన్ను తిడతాడు, పోకపోతే నువ్వు ఏడ్చేలా ఉన్నావు, తిట్లు నాకు అలవాటే ఎక్కు, అన్నాడు, గట్టు రోడ్డు గతుకులు, అద్దంలోంచి కాలవ పక్కనే వస్తోంది, పక్కనే వస్తోంది అనుకుంది గానీ వెనక్కి పోతోంది, నీళ్ల మీద ఒక నురగ తెట్టె, దాన్ని దాటేశారు, కొట్టుకుపోతున్న ఒక ప్లాస్టిక్ చెప్పు, దాన్నీ దాటేశారు, ఇవి ఏ గంటకి గట్టు దిగిన నీళ్లో, తొమ్మిదివి, ఎనిమిదివి, తను తల దువ్వుకుంటూ ఉండగా దిగినవి, ఏం చెప్పాలి, సాంకేతిక కారణాల వల్ల అని మొదలుపెట్టాలా, సాంకేతికం అంటే ఏమిటని అడుగుతారు, సీసా అడుగున చిటికెడు పొడి అని చెబితే చిటికెడు పొడికి ఇంత గొడవా అంటారు, ముందు జాగ్రత్తగా, అనొచ్చు, ఇవాళ ఒక్కరోజు, అనొచ్చు, అంటే అంతకుముందు నలభై తొమ్మిది రోజుల సంగతో, అవి దాటిపోయాయి, ఆ రోజుల్లో ఎవరి పిల్లకి ఎప్పుడు ఏం వచ్చిందో అడిగి కూడబెట్టి చూసే లెక్క ఒకటి మొదలుపెట్టాలి, అది రేపు, బాబాయికి కూడా చెప్పాలి, ఆయన ఎంత నొచ్చుకుంటాడో, నేర్పింది నేనే బాబాయ్ అని ముందే అనేయాలి, డ్రైవరన్న గతుకు తప్పించి స్టీరింగు తిప్పుతూ, నేను కడక్కపోవడం మంచిదైందంటావా అమ్మా, అన్నాడు, మంచిదైందన్నా, మరి సారు నా గోళ్లని అన్న మాటో, అని తనలో తను నవ్వుకున్నాడు, ఆమెకి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు.

రేవులో పదిమంది దాకా ఉన్నారు, పన్నెండు కావస్తున్న ఎండ నీళ్ల మీద పగిలి కళ్లలో గుచ్చుతోంది, మోచేతుల దాకా నీళ్లలో పెట్టి ఒకావిడ ఆకుకూర కట్టలు అటూ ఇటూ ఊపుతోంది, ఒకావిడ మోకాళ్ల లోతులో నిలబడి దుప్పటి పిండుతోంది, గట్టు పక్కన రెండేళ్ల పిల్లని కూర్చోబెట్టి ఎవరో చెంబుతో తల మీద పోస్తున్నారు, ఆ పిల్ల నోరు తెరిచి నవ్వుతోంది, నీళ్లు నవ్వులోకి పోతున్నాయి, అక్క గట్టు మీద నిలబడి ఉంది, చిన్నదాన్ని చంకన వేసుకుని, అంత పెద్ద పిల్లని, తను చెప్పాలనుకున్న సాంకేతికం, ముందు జాగ్రత్త, ఒక్కరోజు, అన్నీ వరసగా నోటిదాకా వచ్చి నిలబడ్డాయి, దుప్పటి పిండుతున్నావిడ తలెత్తి చూసి, ఎవరనుకున్నాను, ఆకుకూరలావిడ చెల్లెలు కాదూ, అంది, కట్టలు ఊపుతున్నావిడ నీళ్లలోంచి ఒక చెయ్యి తీసి కళ్లకి అడ్డం పెట్టుకుని, అవునే, నీళ్లు బాగుచేసిన పిల్లే, రామ్మా, చూడు నీ నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో, దిగు, కాళ్లు కడుక్కో, అని నవ్వింది, అందరూ ఇటు తిరిగి నవ్వారు, ఏ ముఖంలోనూ అనుమానం లేదు, ఒక్క దాంట్లో కూడా లేదు, అప్పుడు తెలిసింది ఆమెకి, ఉదయం నుంచీ ఒంట్లో పరిగెడుతున్న మోతంతా ఆగిపోయి చాలా తేటగా తెలిసింది, వీళ్లెవరూ తన గీత చూడలేదు, పెద్దసారు సంతకం చూడలేదు, మూడింతలో నాలుగింతలో అడగలేదు, ల్యాబ్ అంకెలు నమ్మి ఈ నీళ్లలోకి దిగలేదు, ఎవరో ఒకావిడ చెల్లెలు బాగున్నాయంది అని దిగారు, ఇక్కడికి చేరిందల్లా ఆ ఒక్క మాటే, దాన్ని మందు తరమలేదు, చీటీ తరమలేదు, అన్నవాళ్లే వెనక్కి తీసుకోవాలి, ఆమె చెప్పులు గట్టున వదలకుండానే మొదటి మెట్టు దిగి, ఫ్యాను మోతలో కూడా వినిపించేంత గట్టిగా, పైకి రండి పిన్నీ, అత్తా, ఆ పిల్లని ముందు ఎత్తుకోండి, అందరూ పైకి వచ్చేయండి, ఈ నీళ్లు బాగోలేవు, బాగున్నాయని చెప్పింది నేనే, అంది.